కౌసల్య చెక్కిన మొహం

మా ఇంట్లో కిరాయికుండేవాళ్లలో నా నోటికి జడవని మనిషి కౌసల్య ఒక్కతే. జడవకపోవడమంటే ఎదురు మాట్లాడటం కాదు. నేను అరిచినంతసేపు అరవనిచ్చి, "అయిందా అక్కా? ఇగ చాయ్ తాగు" అంటుంది. అట్లాంటి మనిషితో తగువేం పెట్టుకుంటాం? అంత నిబ్బరమున్న మనిషి చేతులు మొన్న వణికాయి. ఆ సంగతి చెప్పడానికే కూర్చున్నాను.

మాది కొత్తపేట. దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్‌బీ నగర్‌కూ నడుమ. మా మామగారి ద్రాక్షతోట ఉన్న చోట ఇప్పుడు మూడంతస్తుల ఇల్లుంది. కింద నేనూ, మా ఆయన సత్యనారాయణా. ఆయన పొద్దంతా ప్లాట్ల బేరాల్లో తిరుగుతాడు కాబట్టి ఇంటి పెత్తనం నాది. నడిమి అంతస్తులో కౌసల్య, ఆమె కొడుకు నరేష్‌కుమార్. పై అంతస్తులో శ్రీరామమూర్తిగారు, ఆయన చెక్కముక్కలు, ఆయన అమెరికా బొమ్మలు.

శ్రీరామమూర్తిగారిది రాజమండ్రి వైపు. బొమ్మల కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. పెళ్లి చేసుకోలేదు. ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాల కుప్పల్లో వెతికి, నూటయాభై ఏళ్లనాటి అమెరికా వారపత్రికల కాగితాలు పోగేశాడు. ఆయన ఏరుకున్నవాటిలో రాజులూ లేరు, యుద్ధాలూ లేవు. పెరట్లో బట్టలుతికే ఆడవాళ్లు, గడ్డి కోసే రైతులు, చేపల బజారు, గడ్డకట్టిన చెరువు మీద జారే పిల్లలు, పడవ కోసం మూటలతో కాచుకున్న జనం. మొదటిసారి చూసినప్పుడు నేను ఊరుకోలేదు. "ఏం సార్, అమెరికావాళ్ల ఉతుకుడు జూడనీకె గింత కష్టమా? మా వాకిట్ల రోజూ ఉతుకుతలేమా?" అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. "మరి మీ వాకిట్లో ఉతుకుడుని ఎవరైనా బొమ్మ వేశారాండీ?" అన్నాడు. నా నోరు మూతపడింది. మా ఇంట్లో అది తరచుగా జరిగే పని కాదు.

ఆ బొమ్మలన్నీ అప్పట్లో చెక్కమీద చెక్కి అచ్చు వేసినవే. పెద్ద బొమ్మకు సరిపడా చెక్క ఒక్క తునకగా దొరకదు కదా, చిన్న చిన్న ముక్కల్ని వెనకనుంచి బోల్టులతో బిగించి ఒక పలక చేసేవాళ్లట. దానిమీద ఒకరు బొమ్మ గీస్తే, బోల్టులు విప్పి తలా ఒక ముక్క పంచుకుని చెక్కేవాళ్లు. ఒకడు ఆకాశం, ఒకడు చెట్లు, ఒకడు బట్టల మడతలు. మొహాలు మాత్రం పెద్ద పనివాడికే. అన్నీ అయ్యాక మళ్లీ బిగించి అచ్చు తీస్తే ఒక్క బొమ్మ. ఒక్క చెయ్యి తప్పిందంటే అందరి పనీ గంగలో కలిసినట్టే.

సరిగ్గా ఆ పద్ధతిలో దిల్‌సుఖ్‌నగర్ బస్టాపును చెక్కాలని శ్రీరామమూర్తిగారికి పట్టుకుంది. సాయంత్రం జనం, మెట్రో స్తంభాల కింద జామకాయల బండి, సంచులు తగిలించుకున్న కోచింగు పిల్లలు, ఒక పక్కకు ఒరిగిన బస్సు. ఊరినుంచి లక్కబొమ్మలు చేసే అంకుడు కర్ర తెప్పించాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో రబ్బరు స్టాంపులూ, షీల్డుల మీద పేర్లూ చెక్కే జగన్‌ను పిలిచి బస్సునీ బోర్డుల్నీ అప్పగించాడు. జగన్ పనిమంతుడే, కాకపోతే మాట దురుసు. ఇంకో చెయ్యి కావాలన్నప్పుడు ఆయన కళ్లు కౌసల్య వేళ్ల మీద పడ్డాయి.

కౌసల్యది పోచంపల్లి పక్క ఊరు. పద్మశాలీల ఇల్లు. అక్కడ చీరె మీద పువ్వు మగ్గం మీద పుట్టదు, నెయ్యకముందే దారంలో పుడుతుంది. దారం మీద పువ్వు రావలసిన చోట గుర్తు పెడతారు. గుర్తున్న చోట సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించి కడతారు. రంగులో ముంచితే కట్టిన చోట రంగంటక తెల్లగా మిగులుతుంది. దాన్ని చిటికి కట్టడం అంటారు. కౌసల్య బడికి పోవలసిన వయసు నుంచీ అదే పని చేసింది. పెళ్లయ్యాకా అదే చేసింది. భర్త నర్సింహులు మగ్గం మానేసి దిల్‌సుఖ్‌నగర్ చీరెల దుకాణంలో చేరితే, ఆ సంసారం మా ఇంటికొచ్చింది.

పైకి వెళ్లిన కొత్తలో ఆమె చేసిన తప్పు చూసి శ్రీరామమూర్తిగారు పడిపడి నవ్వాడు. చెక్కమీద గీసిన గీతను ముట్టకుండా దాని చుట్టూ చెక్కాలి. అప్పుడే గీత మిగిలి, సిరా పట్టి, నల్లగా అచ్చవుతుంది. కౌసల్య గీతనే చెక్కి పారేసింది. గుర్తున్న చోటు తెల్లగా రావాలన్నది ఆమె చేతికి పుట్టుకతో వచ్చిన చదువు. కుండ గీసిస్తే బొగ్గులాంటి కుండ మీద తెల్ల చారలు వచ్చాయి. "తిరగేసి అమ్మాయ్, అంతా తిరగేసి ఆలోచించు" అన్నాడాయన. ఆలోచించింది. కొన్నాళ్లకే, అలవాటుకని ఇచ్చిన ముక్కల మీద, జామకాయల బండీ, చీరె కుచ్చిళ్లూ, రోడ్డు మీద గుంటలూ సరిగ్గా పడ్డాయి. గుంటలైతే మరీ బాగా పడ్డాయి.

ఇదంతా నర్సింహులు పోయిన తర్వాతి మాట. పోయిన ఎండాకాలం, దుకాణంలో పరుపు మీద కూర్చుని గిరాకికి చీరె విప్పి చూపిస్తూనే ఒరిగిపోయాడు. దవాఖానకు చేర్చేసరికి ప్రాణం లేదు. నల్లగా, పొట్టిగా, ఎక్కడున్నా నలుగురి వెనక నిలబడే మనిషి. ఫోటోలు లేవా అంటే ఉన్నాయి, అన్నిట్లోనూ ఎవరి భుజం వెనకనుంచో సగం మొహం. దినాలకు ఫ్రేము కావాలని నరేష్ ఆధార్ ఫోటో తీసుకుపోతే, స్టూడియోవాడు మొహం తెల్లగా చేసి కోటూ టై తొడిగి ఇచ్చాడు. చచ్చినవాళ్లందరికీ అట్లే చేస్తారు, అదొక మర్యాద అనుకుంటారు. కౌసల్య ఆ ఫోటోకు దండ వేస్తుంది కానీ తలెత్తి చూడదు. "గాయనెవరో నాకు తెల్వదక్కా. బ్యాంకు మేనేజర్ లెక్క ఉండు" అంది ఒకసారి.

అట్లాంటి రోజుల్లో శ్రీరామమూర్తిగారు పలక మొత్తం బిగించి, గీయడం పూర్తిచేసి మమ్మల్ని పైకి పిలిచాడు. నేను నా అలవాటు కొద్దీ, బస్సు మరీ ఖాళీగా ఉందనీ, ఫుట్‌బోర్డు మీద మనుషులేరనీ వంకలు పెడుతున్నాను. కౌసల్య ఒక మూల దగ్గర ఆగిపోయింది. అక్కడ, జనం వెనక, భుజాన చీరెల మూటతో నర్సింహులు నిలబడి ఉన్నాడు. మొహం అగ్గిపెట్టెలో సగం కూడా లేదు. అయినా అతనే. శ్రీరామమూర్తిగారు రోజూ ఆ బస్టాపులో చూసిన మనిషిని గుర్తుంచుకుని గీశాడు, మాకు మాటమాత్రం చెప్పలేదు.

"గదే సూపు సారు" అంది కౌసల్య. "బస్సొస్తుందా అని మెడ గుంజి చూస్తడు సూడు. గదే." ఆ మూలమీద వేలు పెట్టి, "గీ ముక్క నేను చెక్కుత" అంది.

"మొహాలు నావమ్మా. నువ్వు పక్కన కూర్చుని చూద్దువుగాని. ఆ ముక్క ఆఖర్న చేస్తాను, సరేనా?" అన్నాడు.

మీరడగబోయేది నేనప్పుడే అడిగాను. చెక్కుతుంటే గీసిన బొమ్మ పోతుంది కదా, ఫోన్‌లో ఒక ఫోటో తీసి పెట్టుకుంటే పోయేదేముంది? అచ్చు పడేదాకా ఫోటో తీయకూడదన్నది ఆయన పెట్టుకున్న నియమం. ఫోన్లు కిందే వదిలి రావాలి. "నకలుందని తెలిస్తే ఉలికి భయముండదండీ. భయం లేని ఉలి పని చెయ్యదు" అన్నాడు. చాదస్తం అన్నాను. నవ్వాడు.

బోనాలకు ముందు ఆయనకు పక్షవాతం వచ్చింది. మాట బాగానే మిగిలింది, కుడిచెయ్యి మాత్రం పడిపోయింది. అప్పటికి అన్ని మొహాలూ చెక్కేశాడు. ఆఖర్న చేద్దామని పక్కన పెట్టిన నర్సింహులు ముక్కలో, చొక్కా మూటా అయిపోయి, మొహం ఒక్కటే మిగిలింది. ఆయన ఇంక దేన్నీ గీయలేడు. అంటే చెక్కమీద ఉన్న ఆ మొహమే మొదటిదీ చివరిదీ. నకలు లేదు. ప్రదర్శనలో పెట్టడానికి ఆదివారం గ్యాలరీవాళ్లు వచ్చి బొమ్మ తీసుకుపోతామన్నారు.

ఎవరు చెక్కాలన్న దగ్గర పంచాయితీ వచ్చింది. జగన్ తన చెయ్యి గట్టిదన్నాడు, అది నిజమే. కౌసల్య మాత్రం ముక్కను కొంగులో చుట్టుకుని కూర్చుంది. "వేరేటోళ్ల చేతులు ఆయన మొహం మీద పడొద్దు సారు. నేనే చేస్త."

"సొంత మనిషి మొహం చెక్కకూడదమ్మా. చెయ్యి మాట వినదు."

"ఇంటది సారు. ముప్పై ఏండ్లసంది నా మాట ఇనే చెయ్యి ఇది."

శ్రీరామమూర్తిగారు ఇంక కాదనలేదు. కాకపోతే ఒక షరతు పెట్టాడు. "మొహమని అనుకోకు. నర్సింహులని అసలే అనుకోకు. భూతద్దం కింద ఏ గీత కనిపిస్తే ఆ గీత. అంతే." ఆ మాట మంచికే అన్నాడు. తర్వాత దానికే ఆయన తలపట్టుకున్నాడు.

శుక్రవారం పొద్దున కౌసల్య కిటికీ దగ్గర కూర్చుంది. ఇసుక సంచి మీద చెక్క, దాని మీద భూతద్దం, కుడిచేతిలో సూదిలాంటి ఉలి. నేను తోడుగా చిక్కుడుకాయలు తెచ్చుకుని ఈనెలు తీస్తూ కూర్చున్నాను. నన్ను మాట్లాడొద్దన్నారు. నాకది ఎంత శిక్షో మా ఆయన్నడగండి. శ్రీరామమూర్తిగారు మంచం మీద ఆనుకుని ఆమె వీపు వైపే చూస్తున్నాడు. కింద రోడ్డు మీద హారన్లు మోగుతున్నాయి. గదిలో ఉలి గీకుడు ఒక్కటే వినిపిస్తోంది. సన్నటి పొట్టు లేస్తోంది, ఆమె ఊది పక్కకు తోస్తోంది.

మొదట మెల్లగా సాగింది. తర్వాత చెయ్యి ఊపందుకుంది. నుదురు, బుగ్గ, దవడ, ముక్కు పక్కన మడత. ఆగకుండా పోతోంది. పెదవులు కదులుతున్నాయి, చిటికి కట్టేటప్పుడు పాడుకునే పాటేదో. ఎంత బాగా కుదిరిందో అని నేను లోలోపల మురిసిపోయాను. నాలాంటి తెలివైనదాన్ని పక్కన కూర్చోబెట్టుకుంటే ఇంతే. ఆమె చెయ్యి పోచంపల్లి వెళ్లిపోయిందని నాకేం తెలుసు?

కళ్లు మాత్రం ముట్టకుండా ఆఖరుకు పెట్టుకుంది. నడుం పట్టేసిందని లేచి నీళ్లు తాగడానికి వెళ్లింది. అప్పుడే జగన్ వచ్చాడు. భూతద్దం పక్కకు జరిపి చూసి, "అక్కా, గిదేం చేసినవే!" అని అరిచాడు.

కౌసల్య గ్లాసు అక్కడే వదిలేసి వచ్చింది. చూసింది. గీతలన్నీ పోయాయి. ఉండాల్సిన గీతలు పోయి, పోవాల్సిన చెక్క మిగిలింది. కుండకు చేసిన తప్పే మళ్లీ చేసింది, ఈసారి మొగుడి మొహానికి. ఉన్నచోటే గోడకు ఆనుకుని జారి కూర్చుంది.

"గీతలే చూసిన సారు" అంది. "మీరు చెప్పినట్టే. గీత అవుపడుడుతోటి చెయ్యి దానంతటదే…" రెండు చేతులూ ముందుకు చాపి వాటినే చూసుకుంటోంది. అవి వణుకుతున్నాయి. ముప్పై ఏళ్లు మాట విన్నాయని ఆమె అన్న చేతులు. నేను వెళ్లి పట్టుకున్నాను, ఆగలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక శ్రీరామమూర్తిగారి మీద పడ్డాను. "మొహమనుకోవద్దని మీరెందుకు చెప్పిండ్రు సార్? మొహమనుకుంటే జూసుకుంటుండె గద!"

ఆయన ఎడమచేత్తో ముక్కను అందుకుని వెలుతురుకు అటూ ఇటూ తిప్పాడు. "చెక్కినచోట మళ్లీ కర్ర మొలవదండీ. ఉన్నది తీసెయ్యగలం, లేనిది పెట్టలేం" అన్నాడు. "ఆ రోజుల్లోనూ ఇలా జరిగేది. చెడిన చోట తొలిచి, కొత్త కర్రముక్క దిగ్గొట్టేవాళ్లు. దానిమీద మళ్లీ గీయాలి కదా. గీసే చెయ్యి ఇదీ." ఒళ్లో పడి ఉన్న కుడిచేతిని చూపించాడు. మేమెవ్వరం దాని వైపు చూడలేకపోయాం.

గోడకు మిగతా ముక్కల అచ్చులు అంటించి ఉన్నాయి. జగన్ వాటిని చూపిస్తూ, "గీళ్లందరు తెల్లగున్నరు. నడుమ గీయనొక్కడు బొగ్గుముద్ద లెక్క అవుతడు. మొత్తం బొమ్మ ఖరాబయితది సార్. మిగిలింది గూడ చెక్కేద్దాం. తెల్లగ అయిపోతది. దూరంగున్న మనిషి, మొహం సక్కగ అవుపడదు అనుకుంటరు" అన్నాడు.

నిజం చెప్పాలంటే అప్పుడే నేను గోడమీది జనాన్ని సరిగ్గా చూశాను. జామకాయల బండివాడు, కండక్టరు, మూటల ఆడవాళ్లు, అందరి మొహాలూ సున్నం వేసినట్టు తెల్లగా ఉన్నాయి. దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో ఒక్క నల్లటి మనిషి లేడు! అమెరికా కాగితాల్లో నేర్చిన చెయ్యి కదా, మొహమంటే ఖాళీగా వదిలేసి గీతలు పెట్టేది. అయినా ఆ మాట అనే సమయం కాదది.

ఎల్‌బీ నగర్‌లో మొబైల్ దుకాణం నుంచి నరేష్ పరుగెత్తుకొచ్చాడు, నేనే ఫోన్ చేశాను. తల్లి పక్కన కూర్చుని, "పోనియ్ అమ్మా. జగనన్న చెప్పినట్టు చెయ్యనియ్. ఇంట్ల ఫోటో ఉన్నది గద" అన్నాడు. కౌసల్య కొడుకును వింతగా చూసింది.

శ్రీరామమూర్తిగారు ముక్కను ఒళ్లో పెట్టుకున్నాడు. "చెక్కెయ్యాల్సిందేనమ్మా. ఇందరి పనుంది ఇందులో" అన్నాడు. జగన్ గూట్లోంచి వెడల్పు ఉలి తీశాడు.

"ఆగుండ్రి" అంది కౌసల్య.

లేచి నిలబడింది. "కండ్లు ఇంక చెక్కలే. కండ్లు తెరవకముందే తీసేస్తరా? కండ్లు చెక్కి, ఒక్క అచ్చు తీస్త. గా తర్వాత మీ ఇష్టం. నేను అడ్డంరాను."

"ఎందుకక్కా, ఎట్లనన్న తీసేసేదే గద" అన్నాడు జగన్.

"నువ్వు నోర్ముయ్" అన్నాను నేను. ఆ రోజుకు నేను చేసిన మంచి పని అదొక్కటే.

శ్రీరామమూర్తిగారు తలూపాడు.

ముక్క తీసుకుని కౌసల్య మళ్లీ కిటికీ దగ్గర కూర్చుంది. ఎండ వాలిపోయిందని నేను టేబుల్ ల్యాంపు పట్టుకుని నిలబడ్డాను. కళ్ల దగ్గర మాత్రం గీసిన గీతలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. మొహానికంతా చేసినట్టే వీటికీ చేస్తే నల్లగుడ్డు తెల్లబడుతుంది. గుడ్డివాడవుతాడు. కళ్లకైనా సరిగ్గా చెయ్యాలి. గీతను వదలాలి, చుట్టూ తియ్యాలి. పొద్దుటినుంచీ ఒక దారిన పోయిన చేతిని ఇప్పుడు ఎదురు తిప్పాలి. ఆ కళ్లు ఒక్కొక్కటీ పెసరబద్దంత లేవు.

ఉలి ఆనించింది. తీసేసింది. చెయ్యి వణుకుతోంది. మళ్లీ ఆనించింది. మళ్లీ తీసేసింది. నా చేతిలో ల్యాంపు కూడా కదులుతోందని జగన్ దాన్ని నా దగ్గరినుంచి లాక్కుని పట్టుకున్నాడు. "నరేష్‌గా, గా ఫ్యాన్ బంద్ చెయ్" అన్నాడు. గదిలో గాలి ఆగిపోయింది.

"ఈసారి మొహమే అనుకో అమ్మా" అన్నాడు శ్రీరామమూర్తిగారు మంచం మీదినుంచి. "నర్సింహులనే అనుకో."

కౌసల్య భూతద్దం పక్కకు నెట్టేసింది. ఒట్టి కళ్లతో, ముక్కు చెక్కకు తగిలేంత వంగి చూసింది. ఎడమచేత్తో కుడి మణికట్టును గట్టిగా పట్టుకుంది. పొట్టు లేచింది. దుమ్ములాంటి పొట్టు. ఇంకొకసారి. ఊదకుండా వేలికొసతో తుడిచింది. ఒక కన్ను చుట్టూ తెల్లబడింది, గుడ్డు నిలిచింది. రెండోదానికి పోయేసరికి ఆమె నుదుటి చెమట బొట్టుగా వేలాడింది. అది చెక్కమీద పడితే ఏమవుతుందో నాకు తెలియదు. చప్పున నా కొంగుతో అద్దాను. ఆమె గమనించనైనా లేదు.

రెండో కన్నూ నిలిచింది. చివరికి గుడ్డు నడుమ వెలుగు కోసం ఒక సూదిపోటు పెట్టాలి. కొంచెం లోతుగా దిగితే గుడ్డంతా లేచిపోతుంది. కౌసల్య తలెత్తి శ్రీరామమూర్తిగారిని చూసింది. ఆమె ఊపిరి బిగబట్టి ఒకదాంట్లో పొడిచింది, ఆ వెంటనే రెండోదాంట్లో. ఉలి కింద పెట్టేసి చేతులు చంకల్లో దాచుకుంది.

జగన్ సిరా రుద్దాడు. నరేష్ పల్చటి కాగితం పరిచాడు. అచ్చు యంత్రానికి ఎక్కించేంత ఓపిక ఎవరికీ లేక, నా వంటింటి స్టీలు గరిటె తెచ్చి దాని వీపుతో కౌసల్యే రుద్దింది. అంచులనుంచి నడుమకు, మెల్లగా. రుద్దడం అయింది. కాగితం ఎత్తాలి. ఎత్తడంలేదు.

"ఎత్తవే తల్లీ, నా పాణం పోయేటట్టుంది!" అన్నాను.

మూల పట్టుకుని ఎత్తింది.

నల్లటి మొహం. నుదుటి మీదా ముక్కు పక్కనా తెల్లగీతలు, ఎండకు నిలబడీ నిలబడీ పడ్డ ముడతలు. తెల్లచొక్కా, భుజాన మూట. ఆ నలుపులో రెండు కళ్లు, మెడ చాపి, జనం మీదుగా, రోడ్డు చివరకు చూస్తున్నాయి. అందులో అలసట ఉంది, ఇంక వచ్చేస్తుందిలే అన్న ఆశ ఉంది. మా మెట్లెక్కుతూ "అక్కా, నీళ్లొచ్చినయా" అని అడిగిపోయే నర్సింహులు. నరేష్ "నాయినా" అన్నాడు, అంతే, వెనక్కి తిరిగి గోడకు తల ఆనించుకున్నాడు.

శ్రీరామమూర్తిగారు కాగితాన్నీ, గోడమీది తన జనాన్నీ మార్చి మార్చి చూశాడు. "జగన్, ఆ వెడల్పు ఉలి లోపల పెట్టెయ్. బోల్టులు పట్రా" అన్నాడు.

"బొమ్మ కలవది సార్. అందరి నడుమ ఆయనొక్కడే అవుపడ్తడు."

"కనపడనీ."

జగన్ తల గోక్కున్నాడు. "నా బస్సును ఇగ ఎవ్వడు జూస్తడు" అని గొణుగుతూ వెళ్లి బోల్టుల డబ్బా తెచ్చాడు. నర్సింహులు ముక్కను దాని చోట్లో పెట్టి, వెనకనుంచి ఒక్కొక్క బోల్టూ బిగించడం మొదలుపెట్టాడు.

కౌసల్య ఇదేదీ వినడంలేదు. తడి కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని కిటికీలో మిగిలిన కాస్త వెలుతురులో నిలబడింది. భర్త బతికున్నన్నాళ్లూ నలుగురి ముందు అతన్ని నువ్వు అనని మనిషి. మేమందరం ఉన్నామన్న సంగతే మరిచిపోయి, ఆలస్యంగా ఇంటికొచ్చినవాణ్ణి నిలదీసినట్టు అతనితో అంది:

"గీడనే నిలవడ్డవా? గిన్ని దినాలసంది నేను ఇంటికాడ జూస్తున్న."